ఏరు వస్తే లేచే కొంగలు

2022 వేసవి. వనపర్తిలో మూతపడిన ఒక రైసుమిల్లు షెడ్డును అద్దెకు తీసుకుని నేను వర్క్‌షాపు పెట్టుకున్న కొత్త. నా వృత్తి ఏమిటో నలుగురికి చెప్పడానికి మా చుట్టాలు ఇప్పటికీ తంటాలు పడుతుంటారు. "బొమ్మలు చేస్తది, అవి కదులుతయి" అంటుంది మా పెద్దమ్మ. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఇంగ్లీషులో దీన్ని కైనెటిక్ ఆర్ట్ అంటారు. గాలితోనో, నీటితోనో, మోటరుతోనో కదిలే శిల్పం అన్నమాట. నేను పుట్టింది నాగర్‌కర్నూలు, చదివింది డిజైను. కొన్నేళ్ళు హైదరాబాదులో హోటళ్ళ లాబీల్లో తిరిగే రేకు పువ్వులు చేసి విసుగెత్తి ఇటు వచ్చేశాను. హోటలు పువ్వుకు గాలితో పనిలేదు, ఎండతో పనిలేదు. స్విచ్చు వేస్తే విచ్చుకుంటుంది, తీస్తే ముడుచుకుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు చిరాకు వేసేది.

అలాంటి సమయంలో వీపనగండ్ల దిక్కు నుంచి ఒక పని వచ్చింది. కృష్ణ ఒడ్డున ఒక ఊరు. పేరు రాయను, అక్కడివాళ్ళతో నాకు ఇంకా మాటలున్నాయి. ఊళ్ళో పెద్దలు కొందరు కమిటీగా ఏర్పడి స్నానాల ఘాట్‌ను బాగుచేయిస్తున్నారు. మెట్లు, టైల్స్, దీపాల స్తంభాలు, ఊరి పేరు మీద ఎర్ర అక్షరాల సెల్ఫీ పాయింటు అన్నీ అయ్యాక, మధ్యలో ఏదైనా "వెరైటీ"గా ఉండాలని అనుకున్నారట. కమిటీ చైర్మన్ గారు ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయన నాతో అన్న మొదటి మాట ఇది:

"మేడమ్, మాకు ఒక దిక్కు ప్రకృతి గావాలె, ఒక దిక్కు టెక్నాలజీ గావాలె. రెండూ ఒక్క కాడ్నే కనవడాలె."

నేను ఘాట్ మెట్ల మీద కూర్చుని రెండు పూటలు నదిని చూశాను. ఎండాకాలం కృష్ణ అంటే అక్కడ నీళ్ళకంటే బండలే ఎక్కువ. బండల నడుమ పాయలు పాయలుగా నీళ్ళు, ఆ పాయల్లో ఒంటికాలి మీద నిలబడ్డ తెల్ల కొంగలు. పైన డ్యామ్ గేట్లు ఎత్తితే ఆ బండలన్నీ మునుగుతాయి. అప్పుడు కొంగలు లేచి ఒడ్డు మీద పొలాల్లోకి పోతాయి. ఆ కొత్త నీళ్ళు దిగడాన్నే అక్కడివాళ్ళు ఏరు రావడం అంటారు. ఏరు రావడం, కొంగలు లేవడం. నాకు కావలసింది దొరికింది.

నేను చేసింది క్లుప్తంగా చెబుతాను. ఘాట్ పక్కన తాటిచెట్టంత ఇనుప స్తంభం. దాని కొనన ఒక వలయం. వలయం చుట్టూ అల్యూమినియం రేకుతో కోసిన కొంగలు. స్తంభం అడుగున, మెట్ల పక్క కాలువలాంటి సందులో ఒక ప్యాడిల్ వీల్ ఉంటుంది. అంటే రెక్కల చక్రం, పాతకాలం నీటిమర లాంటిది. వేసవి నీళ్ళు అందని ఎత్తులో దాన్ని బిగించాను. పైనుంచి కొత్త నీళ్ళు వచ్చి పాయలన్నీ కలిసేటప్పుడు ఆ నీళ్ళు దాని రెక్కలకు తగులుతాయి. చక్రం తిరుగుతుంది. దాని నుంచి ఒక చైను స్తంభం లోపలి గుండా పైకి పోయి వలయాన్ని తిప్పుతుంది. చైనును విప్పి చూసుకోవడానికి స్తంభం పైకొసన ఒక ఇనుప పెట్టె, అడుగున ఒకటి పెట్టాను. వలయం కింద క్యామ్ అనే భాగం ఉంటుంది. అది గుండ్రంగా లేని చక్రం. అది తిరిగితే దానికి ఆనిన కడ్డీలు పైకీ కిందికీ ఆడతాయి. ఆ కడ్డీలే కొంగల రెక్కలను ఆడిస్తాయి. ఏరు లేకపోతే కొంగలు రెక్కలు ముడుచుకుని నిలబడతాయి. ఏరు వస్తే లేస్తాయి. కరెంటు లేదు, స్విచ్చు లేదు.

ఇనుప పనంతా గద్వాలలో ఖాజా భాయ్ వెల్డింగ్ షాపులో జరిగింది. ఆయన జీవితమంతా ట్రాక్టరు ట్రాలీలు, గేట్లు చేసిన మనిషి. కొంగ మెడ వంపు దగ్గర నాతో రోజూ పంచాయతీ పెట్టుకునేవాడు. "మేడమ్, గింత సన్నగ కోస్తే మొదటి గాలికే ఇరుగుతది. జర లావు పెట్టుర్రి" అనేవాడు. "లావు పెడితే అది కొంగ కాదు భాయ్, బాతు" అనేదాన్ని. చివరికి లోపల ఒక ఉక్కు తీగ పోసి మెడ సన్నగానే నిలబెట్టాడు. బిగించిన రోజు మాత్రం తన పిల్లలందరినీ ఆటోలో తీసుకొచ్చి చూపించాడు.

ఆ ఏడు వానలు పడి, పైన గేట్లు ఎత్తిన మొదటిసారి నేను అక్కడ లేను. నాలుగు రోజుల తర్వాత చక్రం ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. కొంగలు తిరుగుతున్నాయి. నది తోసినట్టు తిరుగుతున్నాయి. ఒక గుక్కలో వేగంగా, ఇంకో గుక్కలో నెమ్మదిగా, మధ్యలో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ రెక్క విప్పి. మెడ ఎత్తి చూస్తూ నిలబడిపోయాను. వెనక నుంచి ఎవరో అన్నారు.

"గివి నువ్వు చేసినవేనా మేడమ్?"

తలకు తువ్వాలు చుట్టుకున్న నలభై ఏళ్ళ మనిషి, చేతిలో కొడవలి. పేరు సువార్తమ్మ. భర్త పేరు యేసన్న. ఇద్దరూ పెళ్ళయిన నాటి నుంచి మేస్త్రీల వెంట పుణె, బొంబాయి తిరిగి బిల్డింగు పనులు చేసినవాళ్ళు. సిమెంటు గాలికి యేసన్న ఊపిరి పట్టేయడం మొదలయ్యాక, ఇక చాలని ఇంటికి వచ్చేశారు. ఊరికి కింది వైపు, బండల అవతల నది ఒడ్డున కొంత చేను కౌలుకు పట్టి, నది నీళ్ళ మీద వరి, మిరప వేసుకుంటున్నారు. ఆ చేనుకు ప్రాణం ఒక మోటరు.

నది ఒడ్డు వ్యవసాయం తెలియనివాళ్ళకు ఈ మోటర్ల సంగతి చెప్పాలి. వేసవిలో నీళ్ళు దూరం జరిగిపోతాయి కాబట్టి రైతులు మోటర్లను నది లోపలికి తీసుకుపోయి ఏదో ఒక బండ మీద బిగిస్తారు. అక్కడి నుంచి పైపులు వేసి చేనుకు తోడుకుంటారు. గేట్లు ఎత్తారంటే ఆ మోటర్లను గడ్డకు ఎక్కించాలి. మోకులు కట్టి, కింద దుంగలు వేసి, నలుగురు పట్టి లాగాలి. ఆలస్యమైతే ఏరు మోటరును, వైర్లను, పైపులను కలిపి తీసుకుపోతుంది. అందుకే ఆ ఊళ్ళో ఏటి కావలి అని ఒక పద్ధతి ఉండేది. వానాకాలం మొదలయ్యాక మోటర్లున్న ఇళ్ళవాళ్ళు వంతుల వారీగా నది పై మలుపు దగ్గర బండ మీద కూర్చునేవాళ్ళు. నీళ్ళ రంగు మారినా, చప్పుడు మారినా పరుగెత్తుకొచ్చి అందరినీ లేపాలి. వంతు పడ్డవాళ్ళకు ఆ రోజు కూలి పోయినట్టే, నిద్ర పోయినట్టే.

"నీ కొంగలు లేసినయంటే మాకు పని పడ్డట్టే" అంది సువార్తమ్మ. "మా చేండ్లకెళ్ళి ఏరు కనవడదు, బండలు అడ్డమొస్తయి. గీ కొంగలు మాత్రం కనవడ్తయి. మొన్న నేనే జూసిన ముందుగాల. గివి ఆడవట్టినయి, మేం ఉరికినం. మోటర్లన్నీ గడ్డకెక్కిచ్చి చెమట తుడుసుకున్నంక వచ్చినయి పెద్దనీళ్ళు."

హోటలు లాబీలో నా పువ్వు కింద నిలబడి ఫొటోలు దిగినవాళ్ళు వేలమంది ఉంటారు. నేను చేసిన వస్తువును చూసి ఒక మనిషి పరుగెత్తడం, ఆ పరుగు వల్ల ఒక చేను నిలబడటం అంతకుముందు నాకు తెలియదు. ఆ పూట వాళ్ళ గుడిసె దగ్గర జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తిన్నాను. యేసన్న తక్కువ మాట్లాడే మనిషి. రొట్టె తుంపుతూ అన్నాడు:

"మోటరు ఉన్నంత దినం మేం ఈడ ఉంటం మేడమ్. మోటరు పోతే మల్ల మేస్త్రీ ఎంటనే. గంతే మా కథ."

ఆ ఏడు ఎన్నిసార్లు నీళ్ళొచ్చినా కొంగలు ముందే లేచాయి. రెండో ఏడు వానాకాలం వచ్చేసరికి ఏటి కావలి పోయింది. ఎవరూ వద్దని అనలేదు. ఒక వంతు వాళ్ళు పెళ్ళికి పోయారు, ఇంకో వంతు వాళ్ళకు నాట్లు పడ్డాయి. కొంగలున్నాయి కదా అనుకున్నారు. యేసన్న ఒక్కడే కావలి ఉంచుకుందామని అన్నాడట. సువార్తమ్మ అందరి ముందు మొగుడిని ఆటపట్టించింది: "నువ్వు పోయి బండ మీద కూసో, నీకు బువ్వ కొంగలు తెస్తయి."

కమిటీకి ఇవేవీ పట్టలేదు. వాళ్ళ బాధ వేరు. ఘాట్ ప్రారంభోత్సవం వాయిదాలు పడి పడి మూడో ఏడు ఎండాకాలానికి కుదిరింది. హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. ఎండాకాలం నదిలో నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే కొంగలు లేవవు. చైర్మన్ గారు నాకు ఫోను చేశారు.

"మేడమ్, ఆయన వచ్చేటాళ్ళకు కొంగలు ఎగరాలె. ఏదన్నా జేయుర్రి."

"నీళ్ళు లేనప్పుడు అవి నిలబడే ఉంటాయి సార్. అదే దాని అందం. పెద్దాయనకు అదే చెప్పండి."

"నిలవడ్డ కొంగలను జూసేతందుకు ఆయన గింత దూరం ఎందుకొస్తడు? అసలు కొంగలే ఉన్నయి కద నిలవడేతందుకు."

ఈ మాటకు నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. చెయ్యనని చెప్పేశాను. అప్పుడు నాగర్‌కర్నూలులో ఒక స్కూలు ఆవరణలో గాలికి కదిలే పందిరి పని మీద ఉన్నాను. నేను చెయ్యకపోతే చేసేవాళ్ళు లేరా? ఘాట్ దీపాల పని చేసిన కాంట్రాక్టరే స్తంభం పైపెట్టె తెరిచి ఒక గేర్డ్ మోటరు బిగించాడు. గేర్డ్ మోటరు అంటే నెమ్మదిగా, గట్టిగా తిప్పే చిన్న మోటరు. పెళ్ళి స్టేజీల మీద తిరిగే పూల పళ్ళెం కింద ఉండేది అదే. స్విచ్చు వేస్తే కొంగలు ఎగిరాయి. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. పేపర్లో ఫొటో పడింది.

నేను ఆ వారంలోనే వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. కొంగలు ఒకే వేగంతో తిరుగుతున్నాయి. గుక్క లేదు, ఆగడం లేదు. ఫ్యాను తిరిగినట్టు తిరుగుతున్నాయి. చైర్మన్ గారు కూల్‌డ్రింకు తెప్పించి శాంతంగా విన్నారు. ఆదివారాలు జనం వస్తున్నారని, వానాకాలం రాగానే మోటరు తీయించేస్తామని మాట ఇచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ కూడా ఆయనే. ఇచ్చిన వరాన్ని ఆయనే మరిచిపోయారు.

మోటర్లవాళ్ళకు ఆ రోజే స్వయంగా చెప్పి వచ్చాను. సువార్తమ్మ మిరపకాయలు ఆరబోస్తోంది.

"అక్కా, కొంగలు ఇప్పుడు కరెంటుతోని తిరుగుతున్నయి. వాటిని నమ్మకుర్రి."

"ఎరకనే. పొద్దుగాల స్విచ్చు ఏస్తరు, పొద్దుగూకంగనే బందు జేస్తరు. ఎలుగున్నంత సేపు ఏరు కాడికి ఎవలో ఒగలు పోతనే ఉంటరు. స్విచ్చు బందయినంక ఆడినయంటే మాత్రం గది ఏరే. గంతే గద?"

నేను ఆలోచించాను. ఆమె లెక్కలో తప్పు కనిపించలేదు. పైన మోటరు ఆగి ఉంటే, కింద చక్రానికి నీళ్ళు తగిలినప్పుడు కొంగలు తిరగాల్సిందే. నేను చేసినది అలాగే చేశాను. "గంతే అక్కా" అన్నాను. తప్పు చెప్పలేదు. నాకు తెలిసింది చెప్పాను. కానీ స్తంభం అడుగున ఏం జరిగిందో నాకు తెలియదు, ఆమెకు తెలియదు, చైర్మన్ గారికి కూడా తెలియదు. కింద పెట్టె మీద అప్పటికే నీలం టైల్స్ అతికించేశారు. బయటి నుంచి చూస్తే అక్కడ ఒక పెట్టె ఉందని కూడా తెలియదు.

వానాకాలం వచ్చింది. పైన వానలు ఎక్కువై గేట్లు ఎత్తుతున్నామని చెప్పాల్సినవాళ్ళు చెప్పారు. ఊళ్ళో డప్పు కొట్టించారు, ఫోన్లకు మెసేజీలు వచ్చాయి. ఊళ్ళో ఉన్న మోటర్లవాళ్ళు సాయంత్రమే తమ మోటర్లను గడ్డకెక్కించారు. యేసన్న, సువార్తమ్మ ఆ రోజు నారుమడి కాపలాకు చేను గుడిసెలోనే ఉన్నారు. బండల అవతలికి డప్పు వినిపించదు, సిగ్నలు అందదు. ఎవరైనా పోయి చెప్పి ఉండొచ్చు. పోలేదు. చెడ్డవాళ్ళై కాదు. కొంగల సంగతి ఊరందరికీ నేర్పిందే సువార్తమ్మ. ఆమె కళ్ళు ఎప్పుడూ వాటి మీదే ఉంటాయి, మనకంటే ముందు ఆమెకే తెలుస్తుంది అనుకున్నారు.

తరవాత ఏం జరిగిందో సువార్తమ్మ నాకు చెప్పినట్టే రాస్తాను. కబురు అంది రెండో రోజు పొద్దున నేను పరుగున వెళ్ళేసరికి ఆమె గుడిసె ముందు తడి మోకు చుట్ట పెడుతూ కూర్చుని ఉంది.

"తెల్లారంగ లేసిన. లేవంగనే కొంగల దిక్కే జూస్త నేను, అలవాటయింది. ఉలుకు లేదు పలుకు లేదు, ముడుసుకొని ఉన్నయి. స్విచ్చు ఇంకా ఏయలే. ఉలుకు లేదంటే ఏరు రాలేదన్నట్టే గద. కరెంటు ఉంది, మోటరు ఏద్దామన్నడు మీ అన్న. స్టార్టరు గుడిసె కాడనే ఉంటది, ఏసినం. మడిల నీళ్ళు పారవట్టినయి. నేను పొయ్యి ముట్టిస్తున్న. చప్పుడయింది. ఏందా అని బండ ఎక్కి జూస్తె, ఏరు నిండ ఎర్రనీళ్ళు. మోటరు బండ మీదికి అప్పటికే ఎక్కినయి. మీ అన్న మోకు వట్టుకొని దిగిండు. నడుముల దాంక వచ్చినయి. రమ్మంటే రాడు. 'మోటరు పోతది, మోటరు పోతది' అని గదే మాట. నేనే పోయి జుట్టు వట్టి గుంజుకొచ్చిన. మోకు ఒక్కటి మిగిలింది."

యేసన్న గుడిసె లోపల పడుకుని దగ్గుతున్నాడు. బయటికి రాలేదు. బండల మీదుగా నా కొంగలు కనిపిస్తున్నాయి. స్విచ్చు వేశారు కాబట్టి చక్కగా, ఒకే వేగంతో ఎగురుతున్నాయి. వాటి కింద నిజమైన ఏరు నిండుగా పోతోంది. నాకు వాటిని రాయి పెట్టి కొట్టాలనిపించింది.

"నేనే అందరికి చెప్పిన, కొంగలను నమ్ముర్రి అని" అంది సువార్తమ్మ. "ఊరు మోటర్లు ఊరికి దక్కినయి. మంచిదే. చెప్పినదాని మోటరే పోయింది."

నీళ్ళు తగ్గాక ఖాజా భాయ్‌ను వెంటబెట్టుకుని పోయి నీలం టైల్స్ పగలగొట్టించాను. చైర్మన్ గారు అడ్డుపడ్డారు గానీ నా మొహం చూసి పక్కకు జరిగారు. కింద పెట్టె తెరిచాం. చక్రం బాగానే ఉంది. చేత్తో తిప్పితే నూనె పోసినట్టు తిరిగింది. దాని నుంచి పైకి పోవాల్సిన చైను లేదు. పెట్టె మూలన చుట్టగా చుట్టి, తుప్పు పట్టకుండా గ్రీజు రాసి, పాత గుడ్డలో జాగ్రత్తగా మూటగట్టి పెట్టి ఉంది.

కాంట్రాక్టరును పిలిపించి అడిగాను. ఆయన అమాయకంగానే చెప్పాడు. పైనుంచి మోటరు ఒకవైపు తిప్పుతుంటే, కింద నుంచి ఏరు ఇంకోలా తోస్తే మోటరు కాలిపోతుంది. అందుకని చైను విప్పేశాడు. పారేయకుండా దాచి కూడా పెట్టాడు. ఆయన లెక్కలో అది సరైన పనే. మోటర్ల పని తెలిసిన ఎవరైనా అదే చేస్తారు. ఆయన కాపాడింది చిన్న మోటరును. దాని వల్ల పోయింది పెద్ద మోటరు. అవి రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని ఆయనకు ఎవరు చెప్పారు గనక?

కొంగలు ఉత్తినే తిరుగుతాయేమోనని మేమందరం భయపడ్డాం. ఉత్తినే నిలబడతాయని ఎవరికీ తోచలేదు.

చైర్మన్ గారి ఇంటికి పోయి రెండు సంగతులు అడిగాను. మోటరు తీసేయాలి, చైను తిరిగి తగిలించాలి. ఆయన చాలాసేపు విన్నారు. నిజంగానే బాధపడ్డారు కూడా. ఆఖరికి అన్నారు:

"మేడమ్, మీరు చేసింది ఆర్టు. సైరను గాదు. గది జూసుకొని ఎవలన్న మోటరు పోగొట్టుకుంటే మాది ఎట్ల జిమ్మేదారి అయితది? రేపు ఇంకొగలు అడుగుతరు. ఎందుకొచ్చిన పరేషాని."

ఆ పరేషాను తీరే ఉపాయం కూడా ఆయనే కనిపెట్టారు. వారం తిరగకుండానే స్తంభం పక్కన ఒక బోర్డు వెలిసింది. "ఇది అలంకారం కొరకు మాత్రమే" అని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను గానీ, కాలినవాళ్ళకు కాక కాల్చినదానికి ఆకులు కట్టడం అప్పుడే చూశాను. స్తంభం మీద నా పేరున్న పలక తీసేయమన్నాను. ఆ ఒక్క కోరిక మాత్రం వెంటనే తీర్చారు.

కొత్త మోటరు నేను ఇప్పిస్తానని సువార్తమ్మతో అన్నాను. మొహమాటానికి కాదు, నిజంగానే అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"నీ కొంగలు అబద్ధమాడలే చెల్లె. వాటి కాళ్ళు ఇరగ్గొట్టిన్రు. గా దానికి నువ్వెందుకు ఇస్తవు?" అంది. మేడమ్ అనడం మానేసి చెల్లె అన్నది అప్పుడే. "ఇచ్చినా ఈ కారు పంటకు అదను దాటిపోయింది. నారు ఎండింది. మేస్త్రీ వచ్చి పోయిండు. మాట ఇచ్చినం."

వాళ్ళు పోయిన రోజు నేను పెబ్బేరు చౌరస్తా దగ్గర బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. రెండు సంచులు, ఒక స్టవ్వు, ఆ తడిసిన మోకు. మోకు ఎందుకని అడిగితే, సైటు మీద పనికొస్తుందన్నాడు యేసన్న. బస్సు కదిలేదాకా ఆయన నా వైపు చూడలేదు. కోపంతో కాదు. మళ్ళీ ఆ సిమెంటులోకే పోతున్న మనిషి ఎవరి వైపు చూస్తాడు?

ఈ పని నుంచి నేను నేర్చుకున్నది ఏమిటని వర్క్‌షాపుకు వచ్చే డిజైను విద్యార్థులు అడుగుతుంటారు. పెద్ద మాటలేమీ లేవు. ఇప్పుడు నేను ఏది చేసినా, దాన్ని కదిలించేది ఏదో అది నలుగురికీ కనపడేలా చేస్తాను. చైను ఉంటే దాని ముందు మందపాటి గాజు తలుపు పెడతాను, టైల్స్ పడనివ్వను. దారిన పోయేవాళ్ళు వంగి చూసి, ఇది గాలితో ఆడుతోందా, కరెంటుతో ఆడుతోందా తెలుసుకోవాలి. కదిలే వస్తువును జనం ఊరికే చూడరు. దాని నుంచి ఏదో ఒకటి చదువుకుంటారు. ఆ చదువు మీద చేను వేసుకుంటారు, నిద్రపోతారు. పనికి ఒప్పుకునే ముందు ఇప్పుడు పిలిచినవాళ్ళతో పాటు ఆ చుట్టుపక్కల బతికేవాళ్ళతో కూడా మాట్లాడుతున్నాను. కొన్ని పనులు పోతున్నాయి. పోనీ.

కానీ ఈ పాఠం వల్ల బండల అవతలి చేనుకు ఒరిగిందేమీ లేదు. దాన్ని ఇంకెవరూ కౌలుకు పట్టలేదు. తుమ్మ మొలిచింది.

పోయిన ఏడు వానాకాలం మొదట్లో తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతల వాన చప్పుడు, ఇనుప చువ్వలు కింద పడుతున్న చప్పుడు. సువార్తమ్మ. పుణె దగ్గర ఏదో సైటు మీద నుంచి.

"చెల్లె, ఈడ దినమంత ఒగటే వాన. పనులు బందు వెట్టిన్రు. ఈడి నీళ్ళన్నీ భీమల వడ్తయంట, భీమ పోయి మన కృష్ణల గల్వదూ? రైల్ల పోయేటప్పుడు జూసిన నేను. ఇంక మన దిక్కే వస్తయి. మోటర్లోళ్ళకు చెప్పు, కావలి పెట్టుకోమను."

"చెప్తా అక్కా. అన్న ఎట్లున్నడు?"

"ఉన్నడు. దగ్గు అట్లనే ఉంది. దవాఖానకు పోతున్నం." వాన చప్పుడు మీదుగా గొంతు పెంచి అడిగింది: "కొంగలు తిరుగుతున్నయా?"

"తిరుగుతున్నయి అక్కా. కరెంటుతోని."

"మంచిగ కనవడ్తున్నయా?"

కనపడుతున్నాయని చెప్పాను. ఫోను పెట్టేసి ఊళ్ళో మోటర్లవాళ్ళకు ఒక్కొక్కరికే చెప్పాను. సువార్తమ్మ పేరు చెప్పగానే లేచారు. పై మలుపు బండ మీద మళ్ళీ కావలి కూర్చుంది. నాలుగైదు రోజులకు నీళ్ళొచ్చాయి. అప్పటికి మోటర్లన్నీ గడ్డ మీద ఉన్నాయి.

ఈ ఏడు కూడా ఆమె ఫోను చేసింది. అక్కడ గట్టి వాన పడ్డప్పుడల్లా చేస్తూనే ఉంది. ఇక్కడ నా కొంగలు ఆదివారాల జనానికి రెక్కలాడిస్తుంటే, ఎక్కడో పుణెలో కట్టీ కట్టని మేడ కింద తడుస్తూ ఆ ఊరికి ఏటి కావలి కాస్తున్నది సువార్తమ్మ. ఆ ఏటిలో కాపాడుకోవడానికి ఆమెకు ఇప్పుడు ఏమీ లేదు.